మన చర్మానికి ఏ సన్‌స్క్రీన్? ఎస్‌పీఎఫ్ అంకె చెప్పని సంగతులు

మెడికల్ షాపులో సన్‌స్క్రీన్ అడగ్గానే వచ్చే ప్రశ్న "ముప్పైయా, యాభైయా?" అని. పెద్ద అంకె ఉంటే గట్టిది, చిన్న అంకె ఉంటే మామూలుది అని అమ్మేవాళ్లకీ కొనేవాళ్లకీ ఒక లెక్క. ఆన్‌లైన్‌లో కొన్నా అంతే, అక్కడ అంకె ఇంకాస్త పెద్దగా కనిపిస్తుంది. నిజానికి ఎస్‌పీఎఫ్ అనే ఆ అంకె కొలిచేది చర్మం ఎండకి ఎర్రగా కందిపోవడాన్ని. మనలో చాలామందికి ఎండతో వచ్చే ఇబ్బంది అది కాదు. కందిపోయే లోపే నల్లబడతాం. బుగ్గల మీద మంగు వస్తుంది. మొటిమ తగ్గిన చోట మచ్చ నెలల తరబడి పోదు. చెప్పు పట్టీ కింద ఒక రంగు, మిగతా పాదం ఇంకో రంగు. ఈ నల్లబడటాన్ని ఒక సన్‌స్క్రీన్ ఎంతవరకు ఆపుతుందో ఎస్‌పీఎఫ్ చెప్పదు. అది డబ్బా మీద వేరే చోట, చాలాసార్లు చిన్న అక్షరాల్లో ఉంటుంది. అక్కడ చూడటం తెలిస్తే ఎంపిక సగం తేలికవుతుంది.

ఎండలో ఏముంది

సూర్యకాంతిలో కంటికి కనిపించని అతినీలలోహిత కిరణాల్లో నేల దాకా వచ్చేవి రెండు రకాలు. యూవీబీ తరంగం పొట్టిది, 280 నుంచి 315 నానోమీటర్లు. అది చర్మం పైపొరల్లోనే చాలావరకు ఆగిపోతుంది. కందిపోయేలా చేసేది ప్రధానంగా ఇదే, మన ఒంట్లో విటమిన్ డి తయారయ్యేదీ దీనివల్లే. యూవీఏ 315 నుంచి 400 నానోమీటర్ల దాకా ఉంటుంది. అది ఇంకా లోతుకి దిగుతుంది. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ అనే పదార్థాన్ని, అప్పటికే ఉన్నదాన్ని, నల్లబరుస్తుంది, చర్మాన్ని బిగువుగా ఉంచే కొల్లాజెన్‌ని ఏళ్ల తరబడి మెల్లగా దెబ్బతీస్తుంది. నేలని చేరే అతినీలలోహితంలో దాదాపు 95 శాతం యూవీఏనే.

ఈ రెండింటి నడవడిక కూడా వేరు. యూవీబీ మిట్టమధ్యాహ్నం ఉధృతంగా ఉండి, పొద్దున, సాయంత్రం బాగా తగ్గుతుంది. యూవీఏ పొద్దెక్కింది మొదలు పొద్దు వాలేదాకా ఎంతో కొంత ఉంటూనే ఉంటుంది. మామూలు కిటికీ అద్దం యూవీబీని దాదాపు పూర్తిగా ఆపుతుంది, యూవీఏని మాత్రం చాలావరకు వదిలేస్తుంది. 2012లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక 69 ఏళ్ల ట్రక్కు డ్రైవర్ ఫొటో వచ్చింది. ఆయన 28 ఏళ్లు ట్రక్కు నడిపారు. కిటికీ వైపు ఉండే ఎడమ చెంప ముడతలు పడి మందమైపోయింది, కుడి చెంప వయసుకి తగ్గట్టుగానే ఉంది. మన దగ్గర స్టీరింగ్ కుడివైపు ఉంటుంది కాబట్టి రోజంతా క్యాబ్, లారీ నడిపేవాళ్లకి ఆ దెబ్బ కుడి చెంపకీ కుడి చేతికీ తగులుతుంది. కారు ముందు అద్దం రెండు పొరలతో చేసింది కాబట్టి యూవీఏని బాగానే ఆపుతుంది, పక్క అద్దాలు చాలా బండ్లలో అంతగా ఆపవు.

ఎండ చుర్రుమంటేనే రాసుకోవాలి, చలికాలంలో అక్కర్లేదు అనుకోవడం మనకి అలవాటు. చుర్రుమనిపించే వేడి వేరు, అతినీలలోహితం వేరు. దాన్ని చర్మం ఆ క్షణంలో గుర్తుపట్టలేదు. మనం ఉన్నది భూమధ్యరేఖకి దగ్గరగా, సుమారు 12 నుంచి 20 డిగ్రీల అక్షాంశాల మధ్య. అతినీలలోహితం ఎంత జోరుగా ఉందో చెప్పే యూవీ సూచీ 3 దాటితే జాగ్రత్తపడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. మన దగ్గర వేసవి మధ్యాహ్నం ఆ సూచీ 11 దాటిపోతుంది, అంటే ఆ సంస్థ లెక్కలో అన్నిటికంటే పై మెట్టు. డిసెంబరులో స్వెట్టర్ వేసుకుని తిరిగే రోజుల్లో కూడా మధ్యాహ్నం వేళ 3 కంటే చాలా పైనే ఉంటుంది. పల్చటి మబ్బు పెద్దగా అడ్డుకోదు. ఎత్తుకి వెళ్లేకొద్దీ, ప్రతి వెయ్యి మీటర్లకి దాదాపు పదో వంతు పెరుగుతుంది కాబట్టి అరకు చల్లగా ఉందని మోసపోకూడదు. ఫోన్‌లో సూచీ చూసే తీరిక లేకపోతే మీ నీడని చూడండి. నీడ మీకంటే పొట్టిగా ఉందంటే అతినీలలోహితం జోరుగా ఉన్న వేళ అన్నమాట.

ఆ అంకె ఎవరి చర్మం మీద పుట్టింది

ఎస్‌పీఎఫ్ అనే కొలతని ప్రచారంలోకి తెచ్చినవారు ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త ఫ్రాంజ్ గ్రైటర్. మంచుకొండలెక్కే యూరప్ వాళ్ల ముఖాలు కందిపోకుండా క్రీమ్ తయారు చేసిన మనిషి ఆయన. ఇప్పటికీ పరీక్ష పద్ధతి మూలం అదే. తేలికగా కందే లేతరంగు చర్మం ఉన్నవాళ్ల వీపు మీద చదరపు సెంటీమీటరుకి 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీమ్ రాస్తారు. ఎండని పోలిన దీపపు వెలుగు పెంచుకుంటూ వేసి, మర్నాడు ఎక్కడ ఎర్రబడిందో చూస్తారు. క్రీమ్ లేనిచోట కందడానికి ఒక మోతాదు పడితే, రాసినచోట 30 మోతాదులు పడితే ఎస్‌పీఎఫ్ 30.

దీన్ని నిమిషాల్లోకి మార్చి "పది నిమిషాల్లో కందే చర్మం ఇక 300 నిమిషాలు కందదు" అని చెప్పే లెక్క నెట్‌లో బాగా తిరుగుతోంది. అది మనకి పనికిరాదు. పొద్దున పది నిమిషాల ఎండా, మధ్యాహ్నం పది నిమిషాల ఎండా ఒకటి కావు. పైగా క్రీమ్ చెమటకి కారిపోతుంది, చున్నీకి అంటుకుపోతుంది.

ఎస్‌పీఎఫ్ 15 సుమారు 93 శాతం, 30 సుమారు 97 శాతం, 50 సుమారు 98 శాతం ఆపుతాయి కాబట్టి 30కీ 50కీ తేడా లేదనే మాట కూడా వింటుంటాం. ఆగిన దాన్ని కాకుండా లోపలికి దిగిన దాన్ని చూడాలి. 30లో నూటికి 3.3 వంతులు దిగితే 50లో 2 వంతులు దిగుతాయి. ఇది చిన్న తేడా ఏమీ కాదు. మనం ఎలాగూ పరీక్షలో రాసినంత మందంగా రాయం, సగమో పాతికో రాస్తాం. రాసింది సగమైతే కాపుదల సగం కంటే కూడా తగ్గవచ్చు. అందుకే బయట ఎండలో తిరిగేవాళ్లని 50 తీసుకోమంటాను. ఎక్కువ సేపు గదిలోనే ఉండేవాళ్లకి, చాలినంత రాస్తే, 30 సరిపోతుంది.

మరి మన రంగు మనల్ని కాపాడదా? కాపాడుతుంది, కొంతవరకు. 1979లో అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో నల్లజాతివారి చర్మం పైపొరనీ తెల్లవారి చర్మం పైపొరనీ పోల్చి చూశారు. తెల్లచర్మం గుండా యూవీబీలో 24 శాతం లోపలికి దిగితే నల్లచర్మం గుండా దిగింది 7 శాతం మాత్రమే. కానీ యూవీఏ దగ్గర ఆ నల్లచర్మం గుండా కూడా 17 శాతానికి పైగా దిగింది. అంటే మెలనిన్ బాగా అడ్డుకునేది కందిపోయేలా చేసే కిరణాలని. నల్లబరిచే కిరణాల దగ్గర దాని బలం తక్కువ. మనది ఆ రెండు రంగులకీ నడుమ ఉండే చర్మం. చర్మాన్ని ఆరు రకాలుగా చూసే, స్కిన్ డాక్టర్లు వాడే ఫిట్జ్‌ప్యాట్రిక్ కొలమానంలో మనలో ఎక్కువమంది నాలుగు, ఐదు రకాల్లోకి వస్తాం. 1975లో ఆ కొలమానం మొదలైనప్పుడు అందులో ఉన్నవి తెల్లచర్మం రకాలే. ఐదు, ఆరు రకాలని తర్వాత చేర్చారు. సన్‌స్క్రీన్ పరిశోధన ఎక్కువగా ఎవరి చర్మం చుట్టూ తిరిగిందో దీన్నిబట్టి తెలుస్తుంది. చర్మ క్యాన్సర్ మన దగ్గర తెల్లవాళ్లలో కంటే చాలా తక్కువ. ఆ భయం చూపించి మనకి సన్‌స్క్రీన్ అమ్మాల్సిన పని లేదు. మన కారణాలు మనకున్నాయి.

ప్లస్ గుర్తులు చూడండి

యూవీఏ సంగతి చెప్పేది పీఏ గుర్తు. ఇది 1996లో జపాన్‌లో మొదలైంది. ఒక ప్లస్ అంటే యూవీఏ వల్ల వచ్చే నలుపు నుంచి కాపుదల 2 నుంచి 4 రెట్లు, రెండు ప్లస్‌లు 4 నుంచి 8, మూడు 8 నుంచి 16, నాలుగు అంటే 16 రెట్లు, ఆపైన. ఈ పరీక్షలో చూసేది ఎరుపుని కాదు, నలుపుని. మనకి కావలసిన కొలత ఇదే. నన్నడిగితే, ఎస్‌పీఎఫ్ 50 ఉండి రెండు ప్లస్‌లున్న ట్యూబు కంటే ఎస్‌పీఎఫ్ 30 ఉండి నాలుగు ప్లస్‌లున్నది మంగు ఉన్నవాళ్లకి నయం. రెండూ బాగుంటే ఇంకా మంచిది.

విదేశాల నుంచి వచ్చిన ట్యూబు మీద పీఏ ఉండకపోవచ్చు. యూరప్ సరుకు మీద వలయంలో యూవీఏ అని రాసి ఉంటే, యూవీఏ కాపుదల ఎస్‌పీఎఫ్‌లో మూడో వంతుకి తగ్గలేదని అర్థం. అమెరికా సరుకు మీద బ్రాడ్ స్పెక్ట్రమ్ అని ఉంటుంది. అది అర్హత గుర్తే తప్ప ఎంత కాపాడుతుందో చెప్పే మెట్ల లెక్క కాదు. అమెరికాలో ఉన్న పిల్లలు పంపించే ట్యూబు తప్పకుండా ఇక్కడి దానికంటే గొప్పదని అనుకోనక్కర్లేదు. అక్కడ సన్‌స్క్రీన్‌ని మందుల కింద లెక్కగట్టడంతో కొత్త రసాయనాలకి అనుమతి రావడం దశాబ్దాల పాటు ఆలస్యమైంది. భారత్, జపాన్, కొరియా, యూరప్ మార్కెట్లలో ఎప్పటినుంచో వాడుతున్న మంచి యూవీఏ ఫిల్టర్లు, అంటే యూవీఏని ఆపే పదార్థాలు, కొన్ని అక్కడి ట్యూబుల్లో ఉండేవి కావు.

మంగు ఉన్నవాళ్లకి లేతరంగు కలిసినది

ఇంతవరకు చెప్పిన కొలతలేవీ పట్టించుకోని సంగతి ఒకటుంది. కంటికి కనిపించే వెలుగు, ముఖ్యంగా అందులోని నీలి భాగం, గోధుమరంగు చర్మాన్నీ నల్లచర్మాన్నీ నల్లబరుస్తుంది. ఆ నలుపు తొందరగా పోదు. తెల్లచర్మంలో ఇది దాదాపు కనిపించదు. 2010లో వెలువడిన ఒక అధ్యయనం దీన్ని స్పష్టంగా చూపించింది. మంగు, మొటిమల మచ్చలు ఉన్నవాళ్లు ఖరీదైన సన్‌స్క్రీన్ శ్రద్ధగా రాసినా మచ్చలు తగ్గకపోవడానికి ఒక కారణం ఇదే. పారదర్శకంగా ఇంకిపోయే సన్‌స్క్రీన్ గుండా మనకి మన చర్మం కనిపిస్తోందంటే, ఆ కనిపించే వెలుగు దాని గుండా దిగుతోందనే కదా.

దాన్ని ఆపేది ఐరన్ ఆక్సైడ్, అంటే ఎరుపు, పసుపు, నలుపు రంగుల్లో ఉండే ఇనుప పొడులు. టింటెడ్ సన్‌స్క్రీన్లలో కలిపేది వీటినే. పదార్థాల జాబితాలో ఐరన్ ఆక్సైడ్స్ అని గానీ, సీఐ 77491, 77492, 77499 అనే అంకెలు గానీ వెతకండి. మంగు ఉన్నవాళ్ల మీద చేసిన అధ్యయనాల్లో మామూలు సన్‌స్క్రీన్ కంటే ఇవి కలిసినది మెరుగైన ఫలితం ఇచ్చింది. ఇబ్బందల్లా రంగు కలవడమే. చాలా కంపెనీలు ఒకటో రెండో లేత రంగుల్లోనే అమ్ముతాయి, ఛామనఛాయకీ అంతకంటే ముదురు రంగుకీ అవి నప్పవు. వీలైతే దవడ అంచున కొంచెం రాసి బయటి వెలుగులో చూసి కొనండి. రంగు అసలు కుదరకపోతే మామూలు సన్‌స్క్రీన్ రాసి, అది ఆరాక పైన మీ రంగుకి సరిపోయే ఫౌండేషనో కాంపాక్టో వేసుకోవచ్చు. వాటిలో కూడా ఐరన్ ఆక్సైడే ఉంటుంది.

ఫోన్, లాప్‌టాప్ నీలి వెలుగు నుంచి కాపాడతామని కొన్ని ట్యూబుల మీద రాస్తారు. ఎండలోని నీలి వెలుగు ముందు తెర నుంచి వచ్చేది అత్యల్పం. దానికోసం అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

కెమికలా, మినరలా

ఈ రెండిటి గురించి అవసరానికి మించి టెన్షన్ పెట్టేస్తున్నారు. మినరల్ అంటే జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్. కెమికల్ అంటే మిగతా కర్బన రసాయన ఫిల్టర్లు. మినరల్ రకం కిరణాలని అద్దంలా తిప్పికొడుతుందని, కెమికల్ రకం పీల్చుకుంటుందని అందరూ చెబుతారు. నిజానికి మినరల్ కూడా ఎక్కువ భాగం పీల్చుకునే పనే చేస్తుంది, తిప్పికొట్టేది కొద్దిగానే.

జింక్ ఆక్సైడ్ యూవీఏ, యూవీబీ రెండింటినీ ఆపుతుంది, ఎండకి చెడిపోదు, మంట పుట్టించడం అరుదు. సున్నితమైన చర్మానికీ, చిన్నపిల్లలకీ, గర్భిణులకీ మొదట చెప్పేది అందుకే. కానీ మన రంగు మీద అది విబూది పూసినట్టు తెల్లగా తేలుతుంది. తెల్లగా తేలుతోందని పలుచగా రాస్తే కాపుదల పోతుంది. ఆ కారణంగా రోజువారీ వాడకానికి చాలామందికి కెమికల్ రకమో, రెండూ కలిసినదో, టింట్ ఉన్న మినరలో మేలు.

కెమికల్ రకంలో పేర్లు కొంచెం గమనించాలి. అవోబెంజోన్ యూవీఏని బాగా ఆపుతుంది కానీ ఎండలో తొందరగా విరిగిపోతుంది. పక్కన ఆక్టినాక్సేట్ ఉంటే ఇంకా తొందరగా. ట్యూబు మీద ఆక్టినాక్సేట్ పేరు ఈథైల్‌హెక్సైల్ మెథాక్సీసిన్నమేట్ అని ఉంటుంది. ఈ రెండూ ఉండి, నిలకడనిచ్చే మరో ఫిల్టర్ లేని ట్యూబుని నేను ఎంచుకోను. టినోసార్బ్ ఎస్, యువినల్ ఎ ప్లస్ లాంటి కొత్త తరం ఫిల్టర్లు ఎండకి నిలుస్తాయి, యూవీఏని గట్టిగా ఆపుతాయి. ఇప్పుడు మన దేశంలో తయారయ్యే చాలా ట్యూబుల్లో, మధ్యతరగతికి అందే ధరలోనే, ఇవి ఉంటున్నాయి.

ఆక్సీబెంజోన్ మాటేమిటి? అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరిశోధకులు 2019, 2020ల్లో ప్రచురించిన అధ్యయనాల్లో ఆక్సీబెంజోన్, అవోబెంజోన్ లాంటివి చర్మం గుండా రక్తంలోకి చేరుతున్నాయని తేలింది. చేరడం వేరు, హాని చేయడం వేరు. హాని జరిగిందని ఆ అధ్యయనాలు చెప్పలేదు, సన్‌స్క్రీన్ మానేయమని ఎఫ్‌డీఏ కూడా చెప్పలేదు. పగడపు దిబ్బలకి నష్టమన్న ఆందోళనతో హవాయి రాష్ట్రం 2021 నుంచి ఆక్సీబెంజోన్, ఆక్టినాక్సేట్ ఉన్న సన్‌స్క్రీన్ల అమ్మకాన్ని ఆపింది. ఆక్సీబెంజోన్ వల్ల అలర్జీ వచ్చే అవకాశం కూడా మిగతావాటి కంటే ఎక్కువ. అది లేని మంచి ట్యూబులు బోలెడు దొరుకుతున్నాయి కాబట్టి తప్పించడం తేలికే.

చర్మాన్ని బట్టి, ఊరిని బట్టి

విశాఖలో, కాకినాడలో, నెల్లూరులో గాలిలో తేమ ఎక్కువ. ముఖం కడిగిన పావుగంటకే జిడ్డు. అలాంటి చోట మందపాటి క్రీమ్ రాస్తే మొటిమలు, నుదుటి మీద సన్నటి పొక్కులు వస్తాయి, రెండో రోజుకి ట్యూబు అలమరలో పడిపోతుంది. జిడ్డు చర్మం, మొటిమలు ఉన్నవాళ్లు జెల్ గానీ, నీళ్లలా పలుచగా ఉండే ఫ్లూయిడ్ గానీ తీసుకోవాలి. నాన్ కమెడోజెనిక్, అంటే చర్మ రంధ్రాలు పూడనివ్వనిది, అన్న మాట ఉంటే మంచిదే, కానీ అది గట్టి హామీ కాదు. కొత్త ట్యూబుని ముందు దవడ పక్కన వారం పాటు రాసి చూడటమే అసలు పరీక్ష. పొడి చర్మం ఉన్నవాళ్లకి, ముఖ్యంగా చలికాలంలో చర్మం పగిలే ఆదిలాబాద్, హైదరాబాద్ లాంటి చోట్ల, క్రీమ్ రకం హాయిగా ఉంటుంది, విడిగా మాయిశ్చరైజర్ కూడా అక్కర్లేకపోవచ్చు.

చెమటతో కలిసి కళ్లలోకి దిగి మండటం ఇంకో పెద్ద ఫిర్యాదు. అవోబెంజోన్ ఉన్నవాటితో ఇది ఎక్కువ. కళ్ల చుట్టూ మాత్రం మినరల్ రకమో, స్టిక్ రకమో రాసుకుంటే చాలావరకు తగ్గుతుంది. పరుగుకో, క్రికెట్‌కో, సముద్ర స్నానానికో వెళ్లేవాళ్లు వాటర్ రెసిస్టెంట్ అని ఉన్నదే కొనాలి. దాని మీద 40 నిమిషాలో 80 నిమిషాలో రాసి ఉంటుంది, నీళ్లలో అంతసేపు నిలుస్తుందని దాని అర్థం. తుడుచుకున్నాక మళ్లీ రాయాల్సిందే.

బొల్లి మచ్చలున్న చోట మెలనిన్ ఉండదు కాబట్టి అక్కడ ఎండకి నిజంగానే కందుతుంది. ఆ మచ్చలకి ఎస్‌పీఎఫ్ 50 తప్పనిసరి. మొటిమలకి డాక్సీసైక్లిన్, ఐసోట్రెటినాయిన్ వాడుతున్నవాళ్లు, బీపీకి హైడ్రోక్లోరోథయాజైడ్ వేసుకుంటున్నవాళ్లు ఎండకి మామూలు కంటే తొందరగా దెబ్బతింటారు. లూపస్ అనే రోగనిరోధక వ్యవస్థ జబ్బు ఉన్నవాళ్లకి ఎండ వల్ల జబ్బే ముదరవచ్చు. వీళ్లు డాక్టర్ దగ్గరికి వెళ్లినప్పుడు సన్‌స్క్రీన్ గురించి కూడా అడగాలి. ఆరు నెలలలోపు పసిపిల్లలకి సన్‌స్క్రీన్ రాయకుండా నీడ, బట్టలతోనే కాపాడాలని పిల్లల డాక్టర్లు చెబుతారు.

కొబ్బరినూనె, కలబంద గుజ్జు, పసుపు, శనగపిండి నలుగు చర్మానికి వేరే రకంగా ఉపయోగపడొచ్చు. ఎండకి అడ్డు నిలవడానికి మాత్రం వాటిని నమ్ముకోవద్దు.

రెండు వేళ్ల కొలత

ఇంత చూసి కొన్నాక, పని చెడేది రాసే దగ్గర. పరీక్షలో రాసినంత మందం ముఖానికీ మెడకీ రావాలంటే చూపుడువేలు, మధ్యవేలు రెండింటి మీద మొదలు నుంచి కొస దాకా ఒక్కో గీత పిండాలి. మొదటిసారి పిండి చూస్తే ఇంతా అనిపిస్తుంది. ఒకేసారి పట్టకపోతే ఒక వేలిది రాసి, ఇంకాక రెండో వేలిది రాయండి. మన రోజువారీ బఠాణీ గింజంత లెక్క ఎస్‌పీఎఫ్ 50ని ఎక్కడికో దించేస్తుంది.

మీరు చాలినంత రాస్తున్నారో లేదో తెలుసుకోవడానికి తేలిక దారి ట్యూబు ఎన్నాళ్లు వస్తోందో చూడటం. రోజుకి ఒక్కసారే, ముఖానికీ మెడకీ రెండు వేళ్ల కొలతతో రాస్తే 50 గ్రాముల ట్యూబు నెల, మహా అయితే నెలన్నర వస్తుంది. నాలుగు నెలలు వచ్చిందంటే కాపుదల పేరుకే. ధర గురించి కూడా ఇలాగే ఆలోచించాలి. వెయ్యి రూపాయల ట్యూబు కొని పొదుపుగా రాసే కంటే, మూడు నాలుగు వందలది కొని ధారాళంగా రాయడం మేలు. చర్మం ఏది తేడా చేయకుండా భరిస్తుందో, ఏది రెండు వేళ్ల నిండా రాసుకోవడానికి మీకు చిరాకు అనిపించదో, ఎంపికలో దానికే నేను అన్నిటికంటే ఎక్కువ మార్కులు వేస్తాను.

బయటికి వెళ్లడానికి పావుగంట ముందు, మాయిశ్చరైజర్ తర్వాత, మేకప్‌కి ముందు రాయాలి. చెవులు, మెడ వెనక, ముంజేతులు, చెప్పులు వేసుకునే పాదాల పైభాగం మరిచిపోతుంటాం. ఎండలో ఉన్నంతసేపు రెండు గంటలకోసారి మళ్లీ రాయాలి. ఆఫీసులో కిటికీకి దూరంగా కూర్చునేవాళ్లకి అంత అవసరం లేదు, సాయంత్రం ఎండ ఉండగానే బయల్దేరేటప్పుడు ఇంకోసారి రాస్తే చాలు. ఎస్‌పీఎఫ్ 20 ఫౌండేషన్ మీద ఎస్‌పీఎఫ్ 30 క్రీమ్ రాస్తే 50 అయిపోదు. రెండింటినీ అరచేతిలో కలిపి రాస్తే సన్‌స్క్రీన్ పలచబడి ఇంకా నష్టం.

డబ్బా మీద రాసింది నమ్మొచ్చా

పూర్తిగా కాదు. 2025లో ఆస్ట్రేలియా వినియోగదారుల సంస్థ ఛాయిస్ 20 సన్‌స్క్రీన్లని పరీక్ష చేయిస్తే 16 తాము చెప్పుకున్న ఎస్‌పీఎఫ్‌ని అందుకోలేదు. సన్‌స్క్రీన్ మీద ప్రపంచంలోనే గట్టి నిఘా ఉన్న దేశాల్లో అదొకటి. మన దేశంలో సన్‌స్క్రీన్ సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. అదే ఏడాది ఏప్రిల్‌లో ఇక్కడా ఈ గొడవ కోర్టుకెక్కింది. ఆన్‌లైన్‌లో ఎక్కువగా అమ్ముడుపోయే ఎస్‌పీఎఫ్ 50 సన్‌స్క్రీన్లు పరీక్షలో 20 దగ్గరే ఆగాయని లాక్మే ప్రకటన ఇస్తే, ది డెర్మా కో యజమాని అయిన హొనాసా ఢిల్లీ హైకోర్టుకి వెళ్లింది. ప్రకటన మార్చడానికి లాక్మే యజమాని హిందుస్థాన్ యూనిలీవర్ ఒప్పుకుంది.

కొనేవాళ్లకి ఇందులో పనికొచ్చేది ఒక మాట: ఇన్ వివో పరీక్ష. అంటే మనుషుల చర్మం మీద చేసినది. ప్రయోగశాలలో ప్లాస్టిక్ పలక మీద చేసే పరీక్ష చవక, కానీ ఎస్‌పీఎఫ్ విషయంలో దాని ఫలితం అంత నమ్మకమైంది కాదు. కొన్ని కంపెనీలు తమ ఇన్ వివో రిపోర్టుని వెబ్‌సైట్‌లో పెడుతున్నాయి. పెట్టినవాటి వైపే నేను మొగ్గుతాను. ఎస్‌పీఎఫ్ 90, 100 అని రాసినవాటిని చూసి ఆశపడకండి. ఆస్ట్రేలియాలో 50 ప్లస్‌కి మించి రాయనివ్వరు. కాలం తీరిన తేదీ చూడండి, స్కూటీ డిక్కీలోనో కారు డ్యాష్‌బోర్డు మీదో ట్యూబుని ఉంచకండి. ఆ వేడికి మంచి ఫార్ములా కూడా విరిగిపోతుంది.

విటమిన్ డి, బట్ట, నీడ

సన్‌స్క్రీన్ రాస్తే విటమిన్ డి తగ్గిపోతుందన్న భయం ఉంది. తిరుపతి స్విమ్స్ ఆసుపత్రి వైద్యులు 2007లో ప్రచురించిన అధ్యయనంలో ఆ చుట్టుపక్కల ఆరోగ్యంగా ఉన్న పెద్దల్లో చాలామందికి విటమిన్ డి లోపం కనిపించింది. పల్లెల్లో కొంత నయం, పట్టణంలో ఎక్కువ, మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువ. అప్పట్లో ఆ పల్లెల్లో సన్‌స్క్రీన్ రాసుకునే అలవాటే లేదు. మన దగ్గర ఈ లోపం సన్‌స్క్రీన్ కంటే ముందు నుంచే ఉంది, నీడపట్టున గడిపే జీవితం, ముదురు చర్మం, తిండి అన్నీ అందులో ఉన్నాయి. అనుమానం ఉంటే రక్తపరీక్ష చేయించుకుని డాక్టర్ చెప్పినట్టు మాత్రలు వేసుకోవడం, ముఖాన్ని ఎండబెట్టుకోవడం కంటే మంచి దారి.

పొలంలో, కట్టడం పనుల్లో, ట్రాఫిక్ సిగ్నల్ దగ్గర రోజంతా ఎండలో ఉండేవాళ్లకి ఏ సన్‌స్క్రీనూ చాలదు. రెండు గంటలకోసారి ఒళ్లంతా రాసుకునే తీరికా డబ్బూ వాళ్లకి ఉండవు. మిరపకోతకి, పత్తి తీతకి వెళ్లే ఆడవాళ్లు చీర మీద మగవాళ్ల ఫుల్ చేతుల చొక్కా తొడుక్కుని, తలకి తువాలు చుట్టుకుంటారు. ఎండ నుంచి కాపుదలలో అదే మొదటి మెట్టు, క్రీమ్ దాని తర్వాతే. ముదురు రంగు, చిక్కటి నేత ఉన్న బట్ట బాగా ఆపుతుంది. పల్చటి తెల్ల నూలు బట్ట, అందులోనూ చెమటకి తడిస్తే, అంత ఆపదు. స్కూటీ మీద ముఖానికి కట్టుకునే చున్నీ కూడా వెలుగుకి ఎత్తి చూస్తే అవతలిది కనిపించనంత చిక్కగా ఉండాలి. హెల్మెట్ వైజర్లు ఎక్కువగా పాలికార్బొనేట్‌తో చేస్తారు, అది అతినీలలోహితాన్ని చాలావరకు ఆపుతుంది. పైకెత్తి నడిపితే ఆ లాభం పోతుంది.

సన్‌స్క్రీన్ ఎవరినీ తెల్లగా చేయదు, చేయాల్సిన అవసరమూ లేదు. అది చేసే పని కొత్త మచ్చ రాకుండా, ఉన్నది ముదరకుండా చూడటం. మంగు తగ్గడానికి నెలలు పడుతుంది. ఆ నెలల్లో ఓపిక నశించి, తెలిసినవాళ్లు చెప్పారనో షాపులో ఇచ్చారనో స్టెరాయిడ్ కలిసిన క్రీమ్ మొదలుపెట్టేవాళ్లు ఎందరో. మొదటి రెండు మూడు వారాలు ముఖం తేటగా కనిపిస్తుంది. తర్వాత చర్మం పలచబడి, ఎర్రటి నరాలు తేలి, ఎండలో అడుగు పెడితే మండుతుంది. మానేస్తే మచ్చలు మునుపటికంటే ముదురుగా తిరిగొస్తాయి. ట్యూబు మీద బీటామెథసోన్, మొమెటసోన్, క్లోబెటసాల్, ఫ్లూసినోలోన్ అన్న పేర్లలో ఏది కనిపించినా అది స్టెరాయిడే. డాక్టర్ రాయకుండా దాన్ని ముఖానికి వాడుతుంటే, మీ అంతట మీరు ఒక్కసారిగా ఆపేయకుండా, ఆ ట్యూబు పట్టుకుని స్కిన్ డాక్టర్ దగ్గరికి వెళ్లండి. ఎలా తగ్గించుకుంటూ మానాలో వాళ్లే చెబుతారు.